పర్సెంట్ పీ పక్కన ఎక్స్ చేర్చే ముందు: డ్రైవర్లు రాసే మనవాళ్లకు ఒక బహిరంగ లేఖ

లినక్స్ కెర్నెల్ డ్రైవర్లు రాసే తెలుగు ఇంజనీర్లకు, వాళ్ల ప్యాచ్‌లకు ఓకే చెప్పే లీడ్‌లకు,

నమస్తే.

మొన్న ఒక రివ్యూలో ఒకే ఒక్క లైను మారిన ప్యాచ్ చూశాను. కెర్నెల్ లాగ్‌లో రాసే ప్రింట్‌కేలో, పాయింటర్‌ని (అంటే మెమరీ అడ్రస్‌ని) ప్రింట్ చేసే పర్సెంట్ పీ ఉన్న చోట, అసలు అడ్రస్‌ని ఉన్నది ఉన్నట్టు చూపించే పర్సెంట్ పీఎక్స్ పెట్టారు, అంతే. కింద "పాయింటర్ తప్పుగా ప్రింట్ అవుతోంది, సరిచేశాను" అని రాసి ఉంది. నాకంటే ముందే ఇద్దరు సీనియర్లు చూసి ఓకే కొట్టేశారు. రాసిన కుర్రాణ్ని పిలిచి అడిగితే, "లాగ్ చూడన్నా, ముందు ఎనిమిది సున్నాలు వస్తున్నాయి, 64 బిట్ అడ్రస్‌ని సగానికి కోసేస్తోంది, అందుకే మార్చా" అన్నాడు. నిజంగానే బగ్ అనుకున్నాడు. అతన్ని నేను తప్పు పట్టను. ఆ సున్నాలు కావాలని పెట్టినవని, వాటి వెనక చాలా ఏళ్ల గొడవ ఉందని అతనికి ఎవరూ చెప్పలేదు. నేను బాధపడేది ఓకే చెప్పిన ఇద్దరి గురించి, ఇంకా చెప్పాలంటే మనందరి గురించి. ఎందుకంటే ఇలాంటి ప్యాచ్ నేను చూడటం ఇది మొదటిసారి కాదు, ఒకప్పుడు నేనూ రాశాను.

అడ్రస్ ఒక్కటి బయటికి వస్తే ఏమవుతుందిలే అనుకునేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు కాబట్టి ముందు అదే చెబుతాను.

64 బిట్ ఎక్స్86 మెషిన్‌లో కెర్నెల్ కోడ్ ఒకప్పుడు ఎప్పుడూ ఒకే చోట మొదలయ్యేది. ఎనిమిది ఎఫ్‌లు, వాటి పక్కన 81000000. ఆ నంబర్ మనలో చాలామందికి ఫోన్ నంబర్‌లా కంఠస్థం. దాడి చేసేవాడికి కూడా కంఠస్థమే, అదీ అసలు సమస్య. అందుకే కేఏఎస్ఎల్ఆర్ వచ్చింది. ఎక్స్86లో 2014లో 3.14 వెర్షన్‌తో వచ్చి, 2017లో 4.12 నుంచి డిఫాల్ట్‌గా ఆన్ అయింది. బూట్ అయిన ప్రతిసారీ కెర్నెల్ వేరే చోట కూర్చుంటుంది. అయితే ఆ చోట్లు లెక్కలేనన్ని ఏమీ కావు. 1 జీబీ పరిధిలో 2 ఎంబీ చొప్పున జరుగుతుంది, అంటే మహా అయితే 512 చోట్లు. పైగా కెర్నెల్ మొత్తం ఒకే ముక్కగా జరుగుతుంది. సికింద్రాబాద్‌లో రైలు రోజూ ప్లాట్‌ఫాం మీద ఒకచోటే ఆగదనుకోండి, కానీ బోగీల వరుస మాత్రం మారదు. ఎస్-5 ఫలానా స్తంభం దగ్గర ఆగిందని ఎవరైనా ఒక్క మాట చెబితే చాలు, ఇంజన్ ఎక్కడుందో, పార్సిల్ వ్యాన్ ఎక్కడుందో మిగతాదంతా లెక్క కట్టేయొచ్చు. మన డ్రైవర్ లాగ్‌లో ప్రింట్ చేసిన ఒక ఫంక్షన్ అడ్రస్ ఆ ఒక్క మాట లాంటిది. డిస్ట్రో కెర్నెల్ బైనరీ ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, అందులో ఏ ఫంక్షన్ ఎంత దూరంలో ఉందో చూసుకోవచ్చు. ఒక తీసివేత చేస్తే 512లో అది ఏ చోటో తేలిపోతుంది.

ఇది కోడ్ అడ్రస్ సంగతి. డేటా అడ్రస్ ఇంకా ప్రమాదం, దాన్ని మనం ఇంకా తేలిగ్గా ప్రింట్ చేస్తాం. పాత రోజుల్లో దాడి చేసేవాడు నకిలీ స్ట్రక్చర్‌ని తన యూజర్ మెమరీలోనే పెట్టుకుని కెర్నెల్‌ని అటువైపు తిప్పేవాడు. కెర్నెల్ అలా యూజర్ మెమరీని ముట్టుకోకుండా ప్రాసెసరే ఆపే ఏర్పాట్లు, ఎక్స్86లో స్మాప్, ఆర్మ్‌లో పాన్, వచ్చాక ఆ దారి మూసుకుపోయింది. ఇప్పుడు వాడికి కావలసింది కెర్నెల్ మెమరీలోనే ఉండి, లోపలి సరుకు మాత్రం తను నింపగలిగే చోటు, దానితోపాటు ఆ చోటు అడ్రస్. మన కెమెరా డ్రైవర్లలో, వైఫై డ్రైవర్లలో ప్రతి బఫర్ సరిగ్గా అదే కదా? యూజర్ పంపిన డేటా కెర్నెల్ బఫర్‌లోకి కాపీ అవుతుంది, వెంటనే మనం "బఫర్ కేటాయించాం, అడ్రస్ ఇది" అని ఒక లైను ప్రింట్ చేస్తాం. వాడు ఎంతో కష్టపడి వెతుక్కోవలసిన రెండు వస్తువుల్నీ మనమే ఒకచోట చేర్చి ఇస్తున్నాం.

కెర్నెల్ చేసేవాళ్లు ఈ అడ్రస్‌లను దాచడానికి ఎన్ని తిప్పలు పడ్డారో కూడా చెప్పాలి, ఎందుకంటే ఆ తిప్పలు తెలిస్తే పీఎక్స్ పెట్టడానికి చేయి అంత తేలిగ్గా రాదు.

2011 మొదట్లో 2.6.38లో కేపీటీఆర్ రిస్ట్రిక్ట్ అనే సెట్టింగ్, దాంతోపాటు పర్సెంట్ పీకే అనే ఫార్మాట్ వచ్చాయి. దానికి కాస్త ముందే, డీమెసేజ్‌ని, అంటే కెర్నెల్ లాగ్‌ని, మామూలు యూజర్లు చదవకుండా ఆపే డీమెసేజ్ రిస్ట్రిక్ట్ వచ్చింది. పీకే ఆలోచన సింపుల్. చదివేవాడికి క్యాప్ సిస్‌లాగ్ అనే అధికారం ఉంటే అసలు అడ్రస్, లేకపోతే అన్నీ సున్నాలు. సెట్టింగ్ 2లో పెడితే రూట్‌కి కూడా సున్నాలే. మొదట దాన్ని డిఫాల్ట్‌గా ఆన్‌లోనే పెట్టారు, కానీ మామూలు యూజర్ పెర్ఫ్ అనే పనితీరు కొలిచే టూల్ నడిపితే ఫంక్షన్ పేర్లు రావడం లేదని కొద్ది నెలల్లోనే ఆఫ్ చేయాల్సి వచ్చింది. ఆండ్రాయిడ్ మాత్రం 4.1 నుంచి ఆన్‌లోనే ఉంచింది.

ఆ పీకేలో ఒక కన్నం ఉండేది. ఇది నాకు చాలా నచ్చిన కథ, కొత్తగా చేరిన ప్రతివాళ్లకీ చెబుతాను. కెర్నెల్ తన లోపలి సమాచారం చూపించే ప్రాక్ ఫోల్డర్‌లో కాల్‌సిమ్స్ అనే ఫైల్ ఉంది, అందులో కెర్నెల్ ఫంక్షన్లన్నిటి పేర్లూ అడ్రస్‌లూ ఉంటాయి. ఎవరైనా తెరవొచ్చు, అధికారం లేనివాళ్లకి సున్నాలు కనిపిస్తాయి, బాగానే ఉంది. ఇప్పుడు పీపీపీడీ అనే పాత డయలప్ ప్రోగ్రాం తీసుకోండి. అది సెట్‌యూఐడీ రూట్, అంటే ఎవరు నడిపినా రూట్ అధికారంతో నడుస్తుంది. ఆప్షన్లు ఏ ఫైల్ నుంచి చదవాలో మీరే చెప్పొచ్చు. అది జాగ్రత్తగలదే, ఫైల్ తెరిచేటప్పుడు రూట్ అధికారం వదిలేసి మీ అధికారంతోనే తెరుస్తుంది. కాల్‌సిమ్స్ ఎలాగూ అందరూ తెరవగలిగే ఫైలే కాబట్టి తెరుచుకుంటుంది. తర్వాత రూట్ అధికారం మళ్లీ తీసుకుని ఆ ఫైల్ చదువుతుంది. పీకే చెక్ జరిగేది చదివేటప్పుడు, అప్పుడు ఎదురుగా ఉన్నది రూట్, కాబట్టి అసలు అడ్రస్‌లు ఇచ్చేస్తుంది. పీపీపీడీకి ఆ మొదటి మాట అర్థం కాక "తెలియని ఆప్షన్: సీ1000000" అని ఎర్రర్ మీ స్క్రీన్ మీద ప్రింట్ చేస్తుంది. ఆ సీ1000000 ఏంటంటే 32 బిట్ కెర్నెల్ మొదలయ్యే అడ్రస్! ఒక ఎర్రర్ మెసేజ్ రూపంలో కెర్నెల్ గుట్టు బయటపడింది. 2013లో దీన్ని సరిచేశారు, అసలు యూజర్ ఐడీ, చెలామణిలో ఉన్న యూజర్ ఐడీ ఒకటి కాకపోతే సున్నాలే ఇమ్మని. అదీ అతుకే. తెరిచినవాడి అధికారం చూడాలి గానీ చదివినవాడిది కాదు. కాల్‌సిమ్స్ విషయంలో ఆ పని సరిగ్గా జరిగింది 2017లో.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. కెర్నెల్ మొత్తం మీద ఎంతో జాగ్రత్తగా చూసుకునే ఒక ఫైల్‌లో, పేరున్న ఇంజనీర్లు కళ్లు పెట్టి చూసే చోట, ఇంత చిన్న తేడా ఏళ్ల తరబడి ఉండిపోయింది. మన డ్రైవర్‌ని చూసేది ఎంతమంది? ఇద్దరు. అందులో ఒకరు రిలీజ్ టెన్షన్‌లో ఉంటారు.

పీకేలోని ఇంకో ఇబ్బంది ఏంటంటే, అది గుర్తుపెట్టుకుని వాడినవాడికే పనిచేస్తుంది. 2017 నాటికి కెర్నెల్‌లో మామూలు పర్సెంట్ పీ సుమారు 14,000 చోట్ల ఉంది. వాటన్నిటినీ ఒక్కొక్కటిగా ఎవరు వెతికి మారుస్తారు? అందుకే కెర్నెల్ డెవలపర్ టోబిన్ హార్డింగ్ ప్యాచ్‌లతో 4.15 నుంచి మొత్తం అర్థమే మార్చేశారు. పర్సెంట్ పీ అంటే ఇక అడ్రస్ కాదు, సిప్‌హ్యాష్ అనే హ్యాష్ లెక్కలో వేసి తీసిన, అసలు అడ్రస్ తెలియనివ్వని ఒక గుర్తు. బూట్ అయిన ప్రతిసారీ కొత్త రహస్య తాళం. 64 బిట్‌లో పై 32 బిట్లు సున్నాలు, మన కుర్రాడు చూసిన ఎనిమిది సున్నాలు అవే. నిజంగా అసలు అడ్రసే కావాలంటే పీఎక్స్ అని విడిగా పెట్టారు, అదీ ఎక్కడెక్కడ వాడారో గ్రెప్ చేస్తే దొరకాలనే ఉద్దేశంతో. ఈ ఏర్పాటులో నాకు బాగా నచ్చేది ఏంటంటే, పాత డ్రైవర్ రాసినవాడు ఏమీ చేయనక్కర్లేదు, నిద్రపోతున్నా అతని కోడ్ భద్రమైపోయింది. దాన్ని మనం ఒక్కో లైనుగా వెనక్కి తిప్పుతున్నాం.

హ్యాష్‌తో డీబగ్ ఎలా చేస్తాం అని అడుగుతారు, న్యాయమైన ప్రశ్నే. కానీ మీరు ఆఖరిసారి లాగ్‌లో పాయింటర్‌తో ఏం చేశారో గుర్తు తెచ్చుకోండి. ఇక్కడ కేటాయించినదీ అక్కడ రెండుసార్లు ఫ్రీ అయినదీ ఒకటేనా కాదా, అదే కదా చూశారు? ఆ పని హ్యాష్‌తోనూ అవుతుంది. అదే బూట్‌లో అదే పాయింటర్‌కి ఎప్పుడూ అదే గుర్తు వస్తుంది. నల్ అయిందో లేదో తెలియడం లేదనే ఫిర్యాదు మొదట్లో నిజమే, 2020 నుంచి నల్‌నీ ఎర్రర్ పాయింటర్లనీ హ్యాష్ చేయకుండా ఉన్నది ఉన్నట్టు చూపిస్తున్నారు. ఫంక్షన్ పాయింటర్ అయితే పర్సెంట్ పీఎస్ పెట్టండి, ఫంక్షన్ పేరూ ఎంత లోపల ఉందో ఆ దూరమూ వస్తాయి, అడ్రస్ రాదు, చదవడానికీ అదే సుఖం.

మీ టేబుల్ మీద ఉన్న బోర్డ్‌లో మెమరీ డంప్‌తో పోల్చుకోవడానికి అసలు అడ్రస్‌లే కావాలా? దానికీ దారి ఉంది, కోడ్ ముట్టుకోనక్కర్లేదు. 5.12 నుంచి నో హ్యాష్ పాయింటర్స్ అనే బూట్ ఆప్షన్ ఉంది. కమాండ్ లైన్‌లో అది చేర్చి బూట్ చేస్తే పర్సెంట్ పీ అన్నీ అసలు అడ్రస్‌లు చూపిస్తాయి. బూట్ లాగ్‌లో నక్షత్రాలతో ఒక పెద్ద డబ్బా గీసి, ఈ మెషిన్ కెర్నెల్ అడ్రస్‌లు బయటపెడుతోంది అని హెచ్చరిక కూడా వస్తుంది, కాబట్టి పొరపాటున కస్టమర్‌కి వెళ్లినా ఎవరో ఒకరి కంట పడుతుంది. పీఎక్స్‌కి అలాంటి డబ్బా ఏదీ రాదు. పని అయ్యాక ఆప్షన్ తీసేస్తే అయిపోయింది, వెనక్కి తిప్పాల్సిన ప్యాచ్ లేదు. ఈ ఒక్క ఆప్షన్ గురించి మన కుర్రాడికి ఎవరైనా చెప్పి ఉంటే ఆ ప్యాచే పుట్టేది కాదు. అమీర్‌పేటలో, ఇంకా అన్నిచోట్లా డ్రైవర్ కోర్సులు చెప్పే మాస్టార్లకి నాదొక విన్నపం: పర్సెంట్ పీ నేర్పే రోజే దీన్నీ నేర్పండి, ఐదు నిమిషాల పని.

ఇప్పుడు నా సంగతి. కొన్నేళ్ల క్రితం, అప్పటి నా కంపెనీలో, ఒక డ్రైవర్‌లో ఫ్రీ చేసిన బఫర్‌ని మళ్లీ వాడుతున్న బగ్ కోసం మూడు రాత్రులు కూర్చున్నాను. ప్రాక్‌లో ఒక స్టేటస్ ఫైల్ పెట్టి, క్యూలో ఉన్న బఫర్లన్నిటినీ వరుసగా చూపించాను, పక్కన వాటి అడ్రస్‌లు. పర్సెంట్ పీ హ్యాష్ వస్తోందని అన్‌సైన్డ్ లాంగ్‌గా క్యాస్ట్ చేసి, అంటే మామూలు అంకెగా మార్చి, ఎల్ఎక్స్‌తో ప్రింట్ చేశాను. ఫైల్ పర్మిషన్ 0444, అంటే ఎవరైనా చదవొచ్చు. బగ్ దొరికింది, అందరూ మెచ్చుకున్నారు, ఫైల్ అలాగే ఉండిపోయింది. చాలాకాలం తర్వాత ఒక కస్టమర్ సెక్యూరిటీ టీమ్ నుంచి రిపోర్ట్ వచ్చింది. ఏ అనుమతీ అడగని ఒక చిన్న టెస్ట్ ప్రోగ్రాంతో ఆ ఫైల్ చదివి, పదహారు బఫర్ల అడ్రస్‌లు టేబుల్ వేసి, ఆ బఫర్లలో ఏముండాలో తామే నింపి చూపించారు. ఆ పేజీ ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంది. ఎడమ కాలమ్‌లో నా కోడ్ ఇచ్చిన అడ్రస్, కుడి కాలమ్‌లో వాళ్లు రాసిన బైట్లు. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. కానీ ఆ పరికరాలు అప్పటికే జనం చేతుల్లో ఉన్నాయి, అన్నిటికీ అప్‌డేట్ చేరుతుందన్న నమ్మకం లేదు. అది నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు.

ఆ అనుభవం వల్లే చెబుతున్నాను, పీఎక్స్ కంటే ఘోరమైనది ఆ క్యాస్టే. పీఎక్స్‌ని గ్రెప్ చేస్తే దొరుకుతుంది, ప్యాచ్‌లని పరీక్షించే చెక్‌ప్యాచ్ స్క్రిప్ట్ నడిపితే హెచ్చరిస్తుంది. అంకెగా మార్చి ఎల్ఎక్స్‌తో ప్రింట్ చేసిన పాయింటర్ వేల మామూలు అంకెల మధ్య కలిసిపోతుంది. రివ్యూ చేసేవాళ్లు దయచేసి అన్‌సైన్డ్ లాంగ్ క్యాస్ట్ కనిపించిన ప్రతి ప్రింట్ దగ్గరా ఆగి, లోపల ఉన్నది పాయింటరా అని అడగండి. పీకే కూడా యూజర్ చదివే ప్రాక్, సిస్ ఫైళ్ల కోసం ఉద్దేశించినది, డీమెసేజ్ కోసం కాదు. లాగ్ లైను తయారయ్యేటప్పుడు రేపు దాన్ని ఎవరు చదువుతారో కెర్నెల్‌కి తెలియదు కదా.

ఒక వాదన ఎప్పుడూ వినిపిస్తుంది, దానికి జవాబు చెప్పకుండా దాటేయడం సరికాదు. ప్రాసెసర్ల సైడ్ చానెల్స్‌తో, అంటే పట్టే సమయం లాంటి పరోక్ష ఆనవాళ్లతో, కేఏఎస్ఎల్ఆర్‌ని ఎలాగూ ఛేదిస్తున్నారు, 2018లో మెల్ట్‌డౌన్, 2022లో ఎంట్రీబ్లీడ్, ఇక దాచి ఏం లాభం అంటారు. కెర్నెల్ కోడ్ ఎక్కడ మొదలైందో అలా కనుక్కోవచ్చు, నిజమే, మెషిన్ మీద కోడ్ నడపగలిగేవాడికి అది పెద్ద అడ్డు కాదు. కానీ ఎంట్రీబ్లీడ్ లాంటిది చెప్పేది కెర్నెల్ ఇమేజ్ ఎక్కడుందో మాత్రమే. నిన్న రాత్రి కేటాయించిన మీ ఏడో నంబర్ బఫర్ ఎక్కడుందో అది చెప్పదు. అది చెప్పేది మన ప్రింట్ లైను. ఇంకొకరు, అడ్రస్‌లు బూట్‌కోసారి మారిపోతాయి కదా, పాత లాగ్‌తో పనేముంది అంటారు. ఇంటర్నెట్‌లో పడి ఉన్న పోయినేడాది లాగ్‌తో పనిలేదు, ఒప్పుకుంటాను. కానీ సర్వర్లు నెలల తరబడి రీబూట్ కావు, ఫోన్లూ వారాలు నడుస్తాయి, దాడి చేసే ప్రోగ్రాం ఈ నిమిషమే అదే బూట్‌లో కూర్చుని చదువుతుంది.

లీడ్‌లకి విడిగా ఒక మాట. వెండర్ ట్రీలో, అంటే కంపెనీ సొంత కెర్నెల్ కోడ్‌లో, చెక్‌ప్యాచ్ హెచ్చరికల్ని "మన కోడ్‌కి ఇవి వర్తించవు" అని ఆపేయడం చాలాచోట్ల అలవాటు. కనీసం పీఎక్స్ హెచ్చరిక ఒక్కటైనా మెర్జ్ ఆపేలా పెట్టండి. కెర్నెల్ స్క్రిప్ట్స్ ఫోల్డర్‌లో లీకింగ్ అడ్రసెస్ అనే పెర్ల్ స్క్రిప్ట్ ఉంది, రిలీజ్‌కి ముందు బోర్డ్ మీద మామూలు యూజర్‌గా ఒకసారి నడపండి. డీమెసేజ్, ప్రాక్, సిస్ అన్నీ తిరిగి కెర్నెల్ అడ్రస్‌లా కనిపించే ప్రతి అంకెనీ చూపిస్తుంది. మొదటిసారి నడిపినప్పుడు వచ్చే లిస్ట్ చూసి భయపడకండి, ఒక మధ్యాహ్నం కూర్చుంటే చాలావరకు తగ్గిపోతుంది. ప్రొడక్ట్‌లో డీమెసేజ్ రిస్ట్రిక్ట్ ఆన్‌లో ఉంచండి, ఎందుకంటే ఊప్స్, అంటే కెర్నెల్ క్రాష్ రిపోర్ట్, వచ్చినప్పుడు రిజిస్టర్లు అసలు విలువలతోనే పడతాయి, దాన్ని పర్సెంట్ పీ ఆపలేదు. ఫీల్డ్‌లో వచ్చే క్రాష్‌ల విశ్లేషణకి అడ్రస్‌లు కావాలని పోరేవాళ్లకి కూడా ఇదే జవాబు: క్రాష్ లాగ్‌లో అవి ఎలాగూ ఉంటాయి, ప్రతి మామూలు రోజూ ప్రింట్ చేయక్కర్లేదు.

మన కుర్రాడి ప్యాచ్ ఏమైందో చెబుతాను. పీఎక్స్ వద్దన్నాక పర్సెంట్ పీకి తిరిగి వెళ్లిపోతాడనుకున్నాను. కానీ మేమిద్దరం కూర్చుని ఆ లైను ఎందుకుందో చూస్తే, అసలు అక్కడ పాయింటర్ అవసరమే లేదు. అతనికి కావలసింది ఏ క్యూ, అందులో ఎన్నో బఫర్, ఎన్నోసారి వాడుతున్నారు, ఈ మూడే. రెండో వెర్షన్‌లో క్యూ నంబర్, బఫర్ ఇండెక్స్, కేటాయించిన ప్రతిసారీ ఒకటి పెరిగే ఒక లెక్క పెట్టాడు. హ్యాష్ అయినా అడ్రస్ అయినా, ఫ్రీ అయిన మెమరీ మళ్లీ అదే చోట కేటాయిస్తే పాతదీ కొత్తదీ ఒకేలా కనిపిస్తాయి. ఈ లెక్కతో ఆ తికమక లేదు. మర్నాడు మధ్యాహ్నం లాగ్ పట్టుకుని వచ్చాడు. క్యూ 2, బఫర్ 7, లెక్క 41తో కేటాయించినది, 42 మొదలయ్యాక కూడా ఇంటరప్ట్ హ్యాండ్లర్ 41గానే ముట్టుకుంటోంది. "దొరికిందన్నా" అన్నాడు.

ఇట్లు,
హైదరాబాద్ నుంచి మీలాంటి ఒక డ్రైవర్ ఇంజనీర్